కొత్త మోకాలితో అంటార్కిటికా: పదకొండు రోజుల ఓడ ప్రయాణం

నాకు 63 ఏళ్ళు. కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయి ఏడాదిన్నర. మాది కాకినాడ, బ్యాంకులో 36 ఏళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను. 2025 జనవరి నెలాఖరులో మా చెల్లెలితో కలిసి అర్జెంటీనాలోని ఉషువాయా నుంచి అంటార్కిటిక్ ద్వీపకల్పానికి 11 రోజుల ఎక్స్‌పెడిషన్ క్రూయిజ్‌కి వెళ్ళొచ్చాను. బయల్దేరేముందు నేను చాలా వెతికాను. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు రబ్బరు పడవలోకి ఎలా దిగుతారు, మంచు మీద ఎంతసేపు నిలబడాలి, ఓడ ఊగేటప్పుడు బాత్రూముకి ఎలా వెళ్తారు, ఇలాంటివి తెలుగులో ఎవరూ రాసినట్టు కనబడలేదు. నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారని ఇంత వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ దారిలో తిరిగే ఇలాంటి ఓడలన్నీ దాదాపు ఒకే నిబంధనలతో నడుస్తాయి కాబట్టి వేరే ఓడ ఎక్కేవాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది.

ముందు మెడికల్ ఫారం సంగతి. మాకు టికెట్లు చేసిన హైదరాబాద్ ఏజెంటు, "మేడం, ఆపరేషన్ సంగతి రాయకండి, మళ్ళీ వాళ్ళు సవాలక్ష అడుగుతారు, అనవసరంగా టెన్షన్" అన్నాడు. నేను రాశాను. నిజమే, అడిగారు. మోకాలు ఎంతవరకు వంగుతుంది, చెయ్యి పట్టుకోకుండా మెట్లు ఎక్కగలరా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, సర్జన్ దగ్గర ఉత్తరం ఉందా అని ఓడ డాక్టరు మెయిల్ పంపారు. నాలుగు రోజుల్లో ఒప్పుకున్నారు. అలా రాయడం వల్ల ఎంత మేలు జరిగిందో ఓడ ఎక్కాక తెలిసింది. పడవ దగ్గర నిలబడే ప్రతి ఒక్కరికీ నా కాలి సంగతి ముందే తెలుసు. దయచేసి ఎవరూ ఈ ఫారంలో ఏదీ దాచకండి. అక్కడ ఒక డాక్టరు, ఒక చిన్న గది, అంతే. ఏదైనా పెద్ద ప్రమాదం జరిగితే ఓడ వెనక్కి తిరగాలి, లేదా వాతావరణం అనుకూలిస్తే కింగ్ జార్జ్ దీవిలోని రన్‌వే నుంచి విమానంలో తీసుకెళ్ళాలి. అందుకే అత్యవసర తరలింపు ఖర్చు ఇచ్చే ఇన్సూరెన్స్ లేకపోతే మమ్మల్ని ఓడ ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఆ పాలసీలో కూడా పాత ఆపరేషన్ సంగతి రాయించుకోండి.

ఖర్చు విషయానికొస్తే విమానాలు, ఇన్సూరెన్స్, హోటల్, టిప్పులు అన్నీ కలిపి ఒక్కొక్కరికి సుమారు 11 లక్షల 40 వేలు అయింది. ఇద్దరం ఒకే గది తీసుకున్నాం కాబట్టి ఆ మాత్రం. ఒంటరిగా గది కావాలంటే చాలా ఎక్కువ. బ్యూనస్ ఎయిరెస్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి, విదేశాల నుంచి ఒకదాంట్లో దిగి ఉషువాయా విమానం ఇంకోచోట ఎక్కాల్సి రావచ్చు. టికెట్ చూసుకోండి. ఉషువాయాకి కనీసం ఒక రోజు ముందే చేరండి, ఓడ ఎవరి కోసమూ ఆగదు.

సాయంత్రం ఓడ కదిలింది. బీగిల్ చానెల్‌లో నీళ్ళు మా గోదావరిలా నిదానంగా ఉన్నాయి. రాత్రి డ్రేక్ పాసేజ్‌లోకి వచ్చాం. దక్షిణ అమెరికా కొనలోని కేప్ హార్న్‌కీ అంటార్కిటికా వైపున్న సౌత్ షెట్లాండ్ దీవులకీ మధ్య సుమారు 800 కిలోమీటర్ల సముద్రం అది, దాటడానికి దాదాపు రెండు రోజులు. శాంతంగా ఉంటే డ్రేక్ లేక్ అంటారు, లేకపోతే డ్రేక్ షేక్. వెళ్ళేటప్పుడు మాకు రెండోదే దక్కింది. నేను ఓడ కదలకముందే అవోమిన్ వేసుకున్నాను, మా చెల్లెలు తల తిరగడం మొదలయ్యాక వేసుకుంది. నాకేమీ కాలేదు, అది మాత్రం ఒకటిన్నర రోజు మంచం దిగలేదు. మాత్ర ముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక అది కడుపులో నిలవదు.

ఓడ మొత్తంలో నాకు నచ్చనిది బాత్రూము. గుమ్మం జానెడు ఎత్తు. షవర్ దగ్గర ఒకే ఒక్క కడ్డీ, అదీ ఎడమవైపు. ఓడ కుడికి ఒరిగినప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు. మొదటి రెండు రోజులు నేను స్నానం మానేసి తడిగుడ్డతో తుడుచుకున్నాను. ఈ విషయం చెప్పగానే హౌస్‌కీపింగ్ అబ్బాయి రబ్బరు చాప, చిన్న స్టూలు తెచ్చిచ్చాడు. కానీ ఇంత డబ్బు తీసుకునేవాళ్ళు రెండో కడ్డీ బిగించి ఉండాల్సింది. ఫీడ్‌బ్యాక్ ఫారంలోనూ ఇదే రాశాను. మీరు బుక్ చేసేటప్పుడే బాత్రూము ఫోటో పంపమని అడగండి. గది కింది డెక్‌లో, ఓడ మధ్యభాగంలో ఉండేలా చూసుకోండి, అక్కడ ఊపు తక్కువ. ఓడలో అందరికీ మొదటిరోజే నేర్పే మాట ఒకటుంది: ఒక చెయ్యి నీది, ఒక చెయ్యి ఓడది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ ఓడని పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి. టీ కప్పు పట్టుకున్నా అంతే.

డ్రేక్‌లో రెండో రోజున బట్టల తనిఖీ పెట్టారు. ఒడ్డుకు వేసుకెళ్ళే ప్రతి వస్తువూ, జాకెట్టు, ప్యాంటు, టోపీ, బ్యాగు, అన్నీ పట్టుకెళ్ళాలి. వాక్యూమ్ క్లీనర్లు, బ్రష్‌లు, సూదిమొన పట్టకార్లు పెట్టుకుని నలుగురు కూర్చున్నారు. నా వీపు సంచి జేబుకి అతుక్కునే పట్టీ ఉంది. ఒకమ్మాయి దాన్ని దీపం కిందకి లాగి, పోగు పోగు విడదీసి చూసింది. పట్టకారుతో ఒక గింజ బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించింది. ఉత్తరేణి గింజ! సన్నగా, గోధుమరంగులో, చివర ముల్లుతో. ఆ సంచి నేను మా తమ్ముడి పొలానికి వేసుకెళ్తుంటాను, ఆ గట్టు మీద చీరకి పట్టుకునే గింజే అది. కాకినాడ నుంచి అక్కడిదాకా నాతో వచ్చింది. ఆ చలికి మన ఉత్తరేణి మొలవదు కదా అన్నాను. "ఇది మొలవకపోవచ్చు. కానీ వచ్చేవాళ్ళందరి దగ్గరా ఇలాగే ఏదో ఒకటి ఉంటుంది" అంది. ఆ మాటతో నాకు వాళ్ళ మీద గౌరవం పెరిగింది. తర్వాత ప్రతిసారీ దిగేముందు, ఎక్కాక బూట్లు మందు నీళ్ళలో ముంచి రుద్దేవాళ్ళు. ఎక్కువసార్లు అని ఒక్కరోజు కూడా వదిలేయలేదు.

ఇక పడవ. జోడియాక్ అంటే మందపాటి గాలి గొట్టాలు చుట్టూ ఉన్న రబ్బరు పడవ, పదిమంది పడతారు. ఓడ పక్క నుంచి మెట్లు దిగి కింది అరుగు మీద నిలబడాలి. పడవ కిందికీ పైకీ ఊగుతుంటుంది. చేతులు కలిపి పట్టుకోరు, నీ ముంజేతిని వాళ్ళు, వాళ్ళ ముంజేతిని నువ్వు పట్టుకోవాలి. చెయ్యి తడిసినా జారదు. పడవ పైకి లేచేదాకా ఆగి, వాళ్ళు చెప్పాకే అడుగు వెయ్యాలి. గొట్టం మీద ఒక అడుగు, లోపల ఉన్న పెట్టె మీద రెండోది, తర్వాత నేల మీదకి. నేను మా ఫిజియో చెప్పినట్టే చేశాను: దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. మొదటిసారి గుండె దడదడలాడింది. మెట్ల దగ్గరి పెద్దాయన నా కళ్ళలోకి చూస్తూ ఇంకా కాదు, ఇంకా కాదు అంటూ రెండు అలలు వదిలేసి, మూడో అలకి సరే అన్నాడు. వెనక జనం వరసలో ఉన్నా తొందరపెట్టలేదు. ఈ ప్రయాణానికి ఇచ్చిన డబ్బులో సగం ఆ రెండు అలలు ఆగినందుకే ఇచ్చాననుకుంటాను.

దిగడం కన్నా కష్టమైనది ఒకటుంది. అది నాకు ఎవరూ ముందు చెప్పలేదు. ఒడ్డున కూర్చోకూడదు. బర్డ్ ఫ్లూ వల్ల అంటార్కిటికాలో మంచు మీదా రాళ్ళ మీదా కూర్చోవడం, మోకాళ్ళ మీద వంగడం, బ్యాగు కింద పెట్టడం నిషేధించారు. నేలకు తగలాల్సింది బూట్లు మాత్రమే. అంటే గంటా, గంటన్నర నిలబడే ఉండాలి, లేదా నడవాలి. మొదటి రోజు గంట దాటేసరికి నా కాలు బరువెక్కిపోయింది. మొహమాటపడకుండా చెప్పాను, పది నిమిషాల్లో వచ్చిన పడవలో వెనక్కి పంపేశారు. తర్వాతి రోజు నుంచి చివరి పడవలో వెళ్ళి, రెండు చేతికర్రలు తీసుకుని, గంటసేపు ఉండి వచ్చేదాన్ని. అది నాకు సరిపోయింది.

ఓడ ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ప్రయాణికుల సంఖ్య. ఒకచోట ఒకేసారి వందమందికి మించి ఒడ్డున ఉండకూడదు, 500 మందికి మించి ఉన్న ఓడలైతే అసలు ఎవరినీ దింపవు. 1991లో ఓడ కంపెనీలు కలిసి పెట్టుకున్న ఐయాటో సంఘం ఈ పద్ధతిని పాటిస్తుంది. మా ఓడలో 170 మందిమి. సగం మంది ఒడ్డున, సగం మంది పడవల్లో తిరగడం, తర్వాత మారడం. నాకైతే అదే మేలైంది, పడవలో కూర్చునే వీలు దొరికింది. నడక మీద ఆశ ఉన్నవాళ్ళు వందలోపు ఓడ చూసుకోండి.

నీకో హార్బర్‌లో దిగిన రోజు ఎండ కాసింది. జనవరి నెలాఖరు కాబట్టి జెంటూ పెంగ్విన్ పిల్లలు బూడిదరంగు నూగుతో, తల్లి పొట్ట కింద దూరలేనంత పెద్దవయ్యాయి. ఒక పెంగ్విన్ పక్క గూటి నుంచి గులకరాయి తీసుకుని, అటూ ఇటూ చూసి, తన గూట్లో పెట్టుకుని, మళ్ళీ ఇంకో రాయికి బయల్దేరింది. ఇరవై నిమిషాలు దాన్నే చూశాను. వాసన మాత్రం ఘాటు, ఎండుచేపల పాకా కోళ్ళ షెడ్డూ కలిపితే వచ్చే వాసన. మనం ఐదు మీటర్ల దూరం పాటించాలి, అది దగ్గరికొస్తే మనమే ఆగాలి. అక్కడ నీళ్ళ అంచున నిలబడనివ్వరు. ఎదురుగా హిమానీనదం విరిగిపడితే అల వచ్చి ఒడ్డు మీద పడుతుంది. మేం చూస్తుండగానే ఒక ముక్క విరిగింది. ముందు పడడం కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చింది, మేఘం ఉరిమినట్టు. అందరం పైనే ఉన్నాం కాబట్టి ఏమీ కాలేదు.

పారడైజ్ హార్బర్‌లో పడవ ఇంజిను ఆపేసి, ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దన్నారు. మంచుముక్కల్లో ఏళ్ళ తరబడి ఇరుక్కున్న గాలి, మంచు కరిగేకొద్దీ బుడగలై పేలుతుంది. చుట్టూ చిటపటమని, నూనెలో ఆవాలు వేసినట్టు. మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "అక్కా, అమ్మ పోపు వేస్తున్నట్టు లేదూ?" అంది. అమ్మ పోయి ఆరేళ్ళు. మేమిద్దరం ఇంక ఏమీ మాట్లాడుకోలేదు.

పోర్ట్ లాక్‌రాయ్‌లో దిగలేదు. 1944లో బ్రిటిషువాళ్ళు కట్టిన స్థావరం అది, ఇప్పుడు మ్యూజియమూ పోస్టాఫీసూ. మా మనవరాలికి అక్కడి నుంచి ఉత్తరం వేద్దామని కార్డు కాకినాడలోనే రాసి పెట్టుకున్నాను. ఆ రోజు గాలి ఎక్కువైంది, కెప్టెన్ ఆపేశాడు. అందులో ఓడవాళ్ళ తప్పేమీ లేదు. ఇక్కడి ఏజెంటు మాత్రం ఐదో రోజు పోర్ట్ లాక్‌రాయ్, ఆరో రోజు లెమెయిర్ చానెల్ అని తిరుపతి టూరు షెడ్యూల్ ఇచ్చినట్టు ఇచ్చాడు. గాలినీ మంచునీ బట్టి ప్రతి రాత్రీ మర్నాటి కార్యక్రమం నిర్ణయిస్తారు, ఏ చోటికీ హామీ ఉండదు. అది ముందే చెప్పి ఉంటే నేను అంత ఆశ పెట్టుకునేదాన్ని కాదు. కార్డు చివరికి ఉషువాయా పోస్టాఫీసులో వేశాను.

లెమెయిర్ చానెల్ దక్కింది. సుమారు 11 కిలోమీటర్ల సన్నటి దారి, రెండు వైపులా నిటారు కొండలు. పొద్దున్నే డెక్ మీద కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. వెనక్కి వస్తూ డిసెప్షన్ దీవికి వెళ్ళాం. అగ్నిపర్వతం నోట్లోకి ఓడ నేరుగా వెళ్తుంది. వేలర్స్ బేలో తిమింగలాల నూనె కాచిన పాత బాయిలర్లు తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి, ఇసుక లోంచి ఆవిరి వస్తోంది. చంపిన ఆ చోటు చూశాక, సాయంత్రం ఓడ పక్కన హంప్‌బ్యాక్ తిమింగలం తోక ఎత్తి మునిగితే డెక్ మీద కొందరు ఏడ్చారు.

సాయంత్రం ఉపన్యాసాలు తప్పకుండా వినండి. 1959 అంటార్కిటిక్ ఒప్పందం గురించి చెప్పిన రోజు, ఇండియా 1983లో చేరిందని నేను లేచి చెప్పాను. మనవాళ్ళు మొదటిసారి అక్కడ అడుగుపెట్టింది 1982 జనవరిలో, అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, పేపర్లో చూసిన గుర్తుంది. మైత్రి, భారతి స్టేషన్లు ఈ ఓడలు వెళ్ళేవైపు లేవు, ఖండానికి అవతలి పక్క ఉన్నాయి.

తిండి గురించి రెండు మాటలు. ఫారంలో శాకాహారం అని రాసినా మొదటి రెండు పూటలూ వంటగదికి ఆ సంగతి చేరలేదు, బ్రెడ్డూ సలాడ్‌తో సరిపెట్టుకున్నాం. చెఫ్‌తో నేరుగా మాట్లాడాక పప్పు, అన్నం, కూర రోజూ చేసిపెట్టారు. మా కందిపొడి ఉండనే ఉంది, కానీ ఒడ్డుకి తిండి పట్టుకెళ్ళకూడదు.

వెళ్దామనుకునే మోకాలి వాళ్ళకి నేను చేసిన సాధన చెప్తాను. మూడు నెలలు రోజూ ఉప్పాడ రోడ్డు పక్క బీచ్‌లో రబ్బరు బూట్లతో తడి ఇసుకలో నడిచాను, మొదట పావుగంట, చివరికి గంట, మధ్యలో కూర్చోకుండా. ఇంట్లో స్టూలు ఎక్కి దిగడం రోజుకు 20 సార్లు. ఓడలో ఇచ్చే బూట్లు మోకాలి దాకా బిగుతుగా ఉంటాయి, వంగి లాగితే మోకాలు నొప్పెడుతుంది. మడమ ఇరికించి లాగే చెక్క ఒకటి బూట్ల గదిలో ఉంటుంది, మొదటిరోజే అడిగి ఎక్కడుందో చూసుకోండి.