వీలునామా నుంచి మిల్లు వాటాల దాకా: కోనసీమలో ఒక సివిల్ ప్లీడరు గారి పనితీరుపై సమీక్ష

న్యాయవాదులు తమ వృత్తికి ప్రకటనలు ఇచ్చుకోకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. ఎవరైనా మెచ్చుకుంటూ రాసినా ప్రకటనలాగే కనబడుతుందని జంకే మనిషి కనుక, ఈ ప్లీడరు గారి పేరు రాయడం లేదు. ఆయన పదేళ్ళకు పైగా మా కుటుంబ ఆస్తి వ్యవహారాలనూ, మా రైస్ మిల్లు భాగస్వామ్య వ్యవహారాలనూ చూస్తున్నారు. ఈ కాలంలోనే మా నాన్నగారు వీలునామా రాయించారు, కాలం చేశారు, ఆ వీలునామా అమలయింది, మిల్లు మా తరం చేతికి వచ్చింది. కాబట్టి కాగితాలు రాసిన రోజున ఎలా ఉన్నాయన్నదే కాకుండా, అవసరపడిన రోజున ఎలా నిలిచాయన్నది కూడా చెప్పగలను.

ఆయన బి.కామ్. చదివి, కొంతకాలం ఒక ఆడిటరు గారి దగ్గర లెక్కలు రాసి, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. ఎన్‌రోల్ అయ్యాక రాజమండ్రిలో సివిల్ దావాలు మాత్రమే చూసే ఒక సీనియరు దగ్గర చాలా ఏళ్ళు జూనియరుగా ఉన్నారు. పంపకాల దావాల్లో, వీలునామా చెల్లదన్న దావాల్లో సాక్షులను బోనులో నిలబెట్టి ఏయే ప్రశ్నలు అడుగుతారో దగ్గరగా చూసిన మనిషి కావడం వల్ల, ఆయన రాసే ప్రతి వాక్యం వెనకా ఆ ప్రశ్నలు ఉంటాయి. దస్తావేజు లేఖరి రాసినదానికీ ఈయన రాసినదానికీ నాకు కనిపించిన ప్రధానమైన తేడా ఇదే. లెక్కలు తెలిసిన ప్లీడర్లు మా వైపు తక్కువ. మిల్లు బ్యాలెన్స్ షీటు ఆయన చేతికిస్తే ఆడిటరును పిలవకుండానే ఎవరి మూలధన ఖాతాలో ఎంత ఉందో చదివి చెప్పగలరు.

మొదటిసారి నాన్నగారిని తీసుకెళ్ళినప్పుడు వీలునామా గురించి ఒక్క మాట రాయలేదు. పొడుగాటి గీతల పుస్తకం తీసి, మా తాతగారి నుంచి మొదలుపెట్టి వంశవృక్షం గీసుకున్నారు. ఒక్కొక్క ఆస్తి పేరు చెప్పగానే "ఎవరి పేరు మీద ఉందండి" అన్న ప్రశ్న తరువాత, "ఎలా వచ్చిందండి" అన్న ప్రశ్న తప్పనిసరిగా వచ్చేది. కొబ్బరితోట నాన్నగారు సొంత సంపాదనతో కొన్నది. వరిచేను తాతగారి నాటి భాగ పరిష్కారంలో వచ్చినది. ఇల్లు అమ్మ పేరున ఉంది, అసలు దస్తావేజు మిల్లు అప్పు కింద బ్యాంకులో ఉంది. పాత దస్తావేజులో చేను విస్తీర్ణం కుంచాల్లోనూ, పాస్ పుస్తకంలో ఎకరాలు, సెంట్లలోనూ ఉంది. దక్షిణపు హద్దుగా రాసిన పంట బోదె పూడిపోయి, ఇప్పుడు అక్కడ పుంత (బండిదారి) ఉంది. ఆ ఒక్క హద్దు తేల్చడానికే సర్వేయరును పెట్టించి, పాత లింకు దస్తావేజులు అన్నీ తెప్పించి, ఈసీ (ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, రెవెన్యూ వారి సాగు లెక్క అయిన అడంగల్‌తో పోల్చి చూశారు. మా నాన్నగారికి అప్పుడు విసుగు వచ్చిన మాట నిజం. "వీలునామా రాయమంటే పొలం కొలుస్తాడేమిటి" అని దారి పొడుగునా గొణిగారు.

చేను విషయంలో ఆయన చెప్పినది మా ఇంట్లో అందరికీ మింగుడు పడలేదు. పిత్రార్జితంలో తండ్రి తన వాటా వరకే వీలునామా రాయగలరు, పిల్లల వాటాలు ఆయనవి కావు. మా అక్క పెళ్ళి 1985 సెప్టెంబరుకు ముందే అయింది కనుక, ఆడపిల్లలకు వాటా ఇచ్చిన 1986 నాటి మన రాష్ట్ర సవరణ ఆమెకు వర్తించదు. కాని 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణలో పెళ్ళయిందా కాలేదా అన్న తేడా లేదు. కట్నం ఇచ్చేశాం కదా అన్న వాదన ఎక్కడా నిలవదని, కావాలంటే అక్కే తన ఇష్టంతో రిజిస్టరు దస్తావేజు ద్వారా హక్కు విడుదల చేయాలని, అలా చేసేటట్టయితే ఆ ముసాయిదాను తాను కాక ఆమె కుదుర్చుకున్న వేరే ప్లీడరు చదివి చెప్పాలని ఖచ్చితంగా అన్నారు. ఒకే వ్యవహారంలో రెండు పక్షాల పని తాను పట్టనన్నారు. మా తమ్ముడికి అది కొంత కష్టంగా తోచింది. ఆ తరువాత చేనులో అక్క వాటా అక్కకు పోయింది, తగువు మాత్రం రాలేదు.

కొబ్బరితోట సంగతి ఇంకా ముఖ్యమైనది. పిల్లలు విదేశాల్లో ఉన్న గోదావరి జిల్లాల తల్లిదండ్రులు చాలామంది దీన్ని గమనించరు. మా అక్కకు అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నాయి. తోటను బతికుండగానే ఆమె పేర దఖలు పరచాలని, అంటే ఉచితంగా రాసిచ్చేయాలని, నాన్నగారి కోరిక. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం ఎన్నారైలు గానీ, ఓసీఐ కార్డుదారులు గానీ మన దేశంలో వ్యవసాయ భూమి కొనకూడదు, దానంగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. అందుచేత దఖలు దస్తావేజు వద్దని, తోటను వీలునామాలోనే రాయాలని ప్లీడరు గారు చెప్పారు. మరొక కారణం కూడా చెప్పారు. వీలునామాను ప్రాణం ఉన్నంతవరకు మార్చుకోవచ్చు, దఖలు చేసిన ఆస్తి ఆ రోజే చేయి దాటిపోతుంది. వృద్ధాప్యంలో చూసుకోవాలన్న షరతు దస్తావేజులో రాసి ఉంటే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద దాన్ని రద్దు చేయించుకోవచ్చు, కాని ఆ షరతు రాయించుకునే పెద్దలు ఎందరని ఆయన ప్రశ్న.

ఆ తరువాత కొన్నేళ్ళకు అక్క అమెరికాలో తన లాయరు చేత లివింగ్ ట్రస్టు (బతికుండగానే ఆస్తులను ట్రస్టు కింద పెట్టే ఏర్పాటు) రాయించుకుంది. అక్కడ ప్రొబేటు (వీలునామాను కోర్టు చేత ధ్రువీకరింపజేసుకోవడం) ఖర్చు, జాప్యం తప్పించుకోవడానికి చాలామంది చేసే పని అది. ఈ తోటను కూడా అందులో కలపవచ్చునా అని అడిగినప్పుడు, భారతదేశంలోని స్థిరాస్తికి వారసత్వం ఎప్పుడూ ఇక్కడి చట్టం ప్రకారమే నడుస్తుందని 1925 నాటి వారసత్వ చట్టం ఐదో సెక్షను చూపించి, ఇక్కడి ఆస్తికి విడిగా ఒక చిన్న వీలునామా రాశారు. మామూలుగా ప్రతి వీలునామాలో "ఇదివరలో రాసిన వీలునామాలన్నీ రద్దు" అనే వాక్యం ఉంటుంది. దాన్ని ఆయన "భారతదేశంలోని ఆస్తులకు సంబంధించినంత వరకు" అని మార్చారు. ఆ నాలుగు మాటలు లేకపోతే అక్కడి ఏర్పాటుకు ఏ చిక్కు వచ్చేదో అక్క లాయరే ఆమెకు చెప్పారట.

నాన్నగారి వీలునామా సంతకాల రోజును కొంచెం వివరంగా చెప్పాలి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండి తీరాలి. నాన్నగారు అప్పటికి మంచం దిగలేని స్థితిలో ఉన్నందున, సబ్ రిజిస్ట్రారు గారు ఇంటికి వచ్చి రిజిస్టరు చేసేలా దరఖాస్తు పెట్టించారు. సాక్షులుగా మా కుటుంబ డాక్టరు గారినీ, నాన్నగారికంటే వయసులో బాగా చిన్నవారైన ఒక స్కూలు మాస్టారినీ ఎంచుకున్నారు, ఎందుకంటే రేపు వివాదం వస్తే సాక్షుల్లో ఒక్కరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి, అందుకు వారు బతికి ఉండాలి. మమ్మల్నందరినీ, అమ్మతో సహా, వీధి అరుగు మీదికి పంపించేశారు. కిటికీలోంచి ఆయన గొంతు వినబడుతూనే ఉంది: వీలునామా మొత్తం నెమ్మదిగా చదివి, ప్రతి పేరా తరువాత నాన్నగారిని "బాబాయి గారూ, ఇది మీరు చెప్పినట్టే ఉందా అండి?" అని అడిగారు. ఒకచోట నాన్నగారు కాదన్నారు, అక్కడ కొట్టివేసి పక్కన చిన్న సంతకం చేయించారు. లబ్ధిదారులు దగ్గరుండి రాయించారన్న అనుమానం వస్తే దాన్ని తొలగించే బాధ్యత వీలునామా చూపించేవారిదేనని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పిందట. మమ్మల్ని బయట కూర్చోబెట్టినందుకు మా సొంత బాబాయి అలిగారు గాని, నాకు ఈ సమీక్షలో అన్నిటికంటే ఎక్కువ మార్కులు ఇవ్వదగ్గది ఆ గంటసేపే అనిపిస్తుంది.

నాన్నగారు పోయాక మ్యుటేషన్లు (రికార్డుల్లో పేరు మార్పులు) పెద్ద ఇబ్బంది లేకుండా జరిగాయి. మన జిల్లాల్లో వీలునామాకు ప్రొబేటు తెచ్చుకోనక్కరలేదు. ఫిక్స్‌డ్ డిపాజిటుకు నామినీగా తమ్ముడి పేరు ఉన్నా, నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప హక్కుదారు కాడు కనుక, ఆ సొమ్ము అమ్మకు చెందాలని వీలునామాలో రాసి ఉండడం అక్కరకు వచ్చింది.

ఇక మిల్లు. నాన్నగారూ ఆయన స్నేహితుడూ ఇద్దరే భాగస్వాములు. పాత పత్రంలో "భాగస్వామి మరణించినా ఫర్ము కొనసాగును" అని ఉంది కనుక మేము నిశ్చింతగా ఉన్నాం. 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద అలాంటి ఒప్పందం చెల్లుతుంది, కాని ఇద్దరే ఉన్నచోట ఒకరు పోతే మిగిలిన ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు గదా అని ప్లీడరు గారు అడిగారు. ఆ రోజు సంభాషణ నాకు బాగా గుర్తు.

"బాబాయి గారూ, రేపు మిల్లు నడిపేదెవరు, లాభంలో వాటా తీసుకునేదెవరు? ఇవి రెండు ప్రశ్నలండి."

"రెండూ మావాడేనయ్యా."

"మరి పిన్ని గారి జరుగుబాటు?"

నాన్నగారు మాట్లాడలేదు. చివరికి నన్నూ, అవతలి వారి అబ్బాయినీ చేర్చుకుని నలుగురితో కొత్త పత్రం రాశారు. ఎవరైనా చనిపోతే వారి మూలధనాన్ని ఎలా లెక్కగట్టాలి, ఎన్ని వాయిదాల్లో వారసులకు చెల్లించాలి, అప్పటిదాకా వడ్డీ ఎంత, బ్యాంకు అప్పు తీర్చి ఇంటి దస్తావేజు విడిపించే బాధ్యత ఎవరిది అన్నవన్నీ ఆ పత్రంలో ఉన్నాయి. వీలునామాలో నాన్నగారి మిల్లు వాటా గురించి రాసిన పేరా ఈ పత్రంతో అక్షరం తేడా లేకుండా సరిపోతుంది. ఇంటి కాగితాలు ఒకరూ వ్యాపారపు కాగితాలు ఇంకొకరూ రాసిన మా బంధువుల ఇళ్ళలో రెండూ ఒకదానినొకటి కొట్టుకోవడం చూశాను, అందుకే ఈ రెండు పనులూ ఒకే మనిషి చేతిలో ఉండాలని గట్టిగా అంటున్నాను.

కొత్త భాగస్వాముల పేర్లను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించేదాకా ఆయన వదలలేదు. నమోదు లేని ఫర్ము తన ఒప్పందాల మీద బయటివారిపై దావా వేయలేదు, వేసేవారి పేర్లు రిజిస్టరులో ఉండాలి. తరువాత ఒక బియ్యం వర్తకుడు బాకీ ఎగవేయజూసినప్పుడు అవతలి ప్లీడరు మొదట వెతికిన లోపం ఇదేనట. రాజీ కుదిరింది, సొమ్ము వచ్చింది. వసూలైన దానిలో శాతం ఇస్తామంటే ఆయన పుచ్చుకోలేదు, అది వృత్తి నియమాలకు విరుద్ధం.

లోపాలు లేకపోలేదు. ఆయన చాలా నిదానం. ఒక్కొక్క ముసాయిదాకు నెలలు పడుతుంది, కోర్టు పని దినాల్లో ఫోను ఎత్తరు. తన ఫీజు ముందే చెబుతారు, కాని గుమస్తా గారి చిల్లర ఖర్చులకు లెక్కాపత్రం ఉండదు, అడిగితే గుమస్తా గారి ముఖం మాడుతుంది. ఆయన దస్తావేజుల తెలుగు మరీ పాతకాలపుది. "యావన్మందీ" తో మొదలై ఒకే వాక్యం పేజీ దాటుతుంది, అమ్మకు మూడుసార్లు చదివి చెప్పాల్సి వచ్చింది. పన్నుల ప్రశ్నలకు ఆడిటరు దగ్గరికి వెళ్ళమంటారు, ఆ నిజాయితీ మంచిదే గాని రెండుచోట్ల తిరగక తప్పదు. రొయ్యల చెరువు కౌలు కాగితం రేపటికల్లా కావాలనేవారికి ఈయన పనికిరారు. కౌలు పత్రం రిజిస్టరు చేయించాల్సిందేనని పట్టుబడతారు, వంద రూపాయల కాగితం మీద అయిదేళ్ళకు రాయమంటే రాయరు.

ఇప్పుడు ఆయనకు వయసు పైబడింది, పని ఎక్కువగా జూనియరు అమ్మాయి గారు చూస్తున్నారు. బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకునే వీలు 2025 నవంబరు నుంచి వచ్చిందని మాకు కబురు పంపినది ఆవిడే. నా వీలునామా ముసాయిదా కూడా ఆవిడే రాశారు: వాక్యాలు చిన్నవి, అమ్మకు ఒక్కసారికే అర్థమయ్యాయి. అమలుదారుగా ఎవరిని పెట్టాలన్న దగ్గర నేనే ఇంకా తేల్చుకోలేదు. తమ్ముడిని పెడితే మిల్లులో అతనికీ మా అబ్బాయికీ లెక్కలు కలిసి ఉన్నాయి కదా అని ఆవిడ అభ్యంతరం, అది తీసిపారేయదగ్గది కాదు.