పాలకూర పప్పు: అన్నీ కలిపి కుక్కర్లో పెట్టాలా, ఆకు విడిగా మగ్గించాలా?

పాలకూర పప్పుకి ఏ ఇంట్లో చూసినా దాదాపు అవే సరుకులు. గ్లాసుడు కందిపప్పు, రెండు మూడు కట్టల ఆకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు, కాస్త చింతపండు. ఆకు ఎప్పుడు వేస్తారన్న దగ్గరే తేడా అంతా. కొందరు అన్నీ ఒకేసారి కుక్కర్లో పడేసి మూత పెట్టేస్తారు. కొందరు పప్పు ఒక్కటే ఉడికించి, ఆకును తాలింపులో మగ్గించి కలుపుతారు. అన్నంలో కలుపుకున్నాక ఈ రెండిటి రుచీ ఒకటి కాదు.

కలిపి పెట్టడంలో పని తక్కువ. పొద్దున్నే ఒక పక్క లంచ్ బాక్సులు, ఇంకో పక్క స్కూల్ బస్సు టెన్షన్ ఉన్న ఇంట్లో నాలుగు విజిల్స్‌తో కూర అయిపోవడమంటే మాటలా! ఆకు పప్పులో పూర్తిగా కలిసిపోతుంది కాబట్టి, ఆకు కనిపిస్తే ఏరి పక్కన పెట్టే పిల్లలు కూడా గొడవ చేయకుండా తినేస్తారు. నమలలేని పెద్దవాళ్లకూ ఇదే హాయి.

చిక్కంతా రంగుతో, పులుపుతో. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. మూత లేని గిన్నెలో ఐదు నిమిషాలకే మెత్తబడే పాలకూరకి అంత వేడి దండగ. ఆకు ఉడికేటప్పుడు అందులోని ఆమ్లాలు బయటికొస్తాయి. మూత తీసి ఉంటే కొన్ని ఆవిరితో పోతాయి. మూత బిగిస్తే లోపలే ఉండి పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తప్పించేస్తాయి. దాంతో ఆకుపచ్చ కాస్తా బురద రంగుకి దిగిపోతుంది. చింతపండు తోడైతే ఇంకా తొందరగా. రంగు కోసం చిటికెడు వంటసోడా వేసేవాళ్లున్నారు. ఆకు జిగురుగా అయిపోతుంది, విటమిన్లూ పోతాయి. ఆ పని మాత్రం చేయకండి.

చింతపండుతో ఇంకో తంటా కూడా ఉంది. పులుపు తగిలితే పప్పు సరిగ్గా మెత్తబడదు. కొత్త పప్పయితే ఎలాగో ఉడికిపోతుంది. పాత పప్పు, పైగా బోరు నీళ్లయితే, ఆ నీళ్లలోని కాల్షియం కూడా అడ్డం పడి, ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పుగుత్తికి పలుకులు తగులుతూనే ఉంటాయి. కలిపి వండాలనుకునేవాళ్లు కనీసం చింతపండునైనా బయట ఉంచి, పప్పు మెదిపాక పులుసు పోసి రెండు పొంగులు రానివ్వాలి.

నా ఓటు మాత్రం విడిగా మగ్గించడానికే. బాండీలో రెండు చెంచాల నూనె, ఆవాలు చిటపటమన్నాక జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి ఆరేడు రెబ్బలు, ఇంగువ, కరివేపాకు. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అవి మెత్తబడ్డాక తరిగిన ఆకు. బాండీ నిండా గుట్టగా ఉన్నది రెండు నిమిషాల్లో గుప్పెడయి కూర్చుంటుంది. పాలకూరలో నూటికి తొంభై పాళ్లు నీరే మరి. అందుకే ఉప్పు ముందే వేయకూడదు. గుట్టను చూసి వేస్తే ఉప్పు కషాయమే. ఆకు అణిగాక వేయండి. ఊరిన నీళ్లు ఇగిరి, నూనె చిర్రుమనే చప్పుడు మళ్లీ వినిపించేదాకా ఆగి, అప్పుడు మెదిపిన పప్పు పోయాలి. తొందరపడితే పప్పంతా పసరు వాసనే. ఇలా చేస్తే ఆకు ఆకులా తెలుస్తుంది, వెల్లుల్లి ఘాటు దాన్ని పట్టుకునే ఉంటుంది. కుక్కర్ పప్పులో తాలింపు ఎంత ఘుమఘుమలాడినా పైపైనే.

రెండు పొయ్యిలు, అదనంగా పావుగంట కావాలి, నిజమే. అంత తీరిక లేనిరోజు, పప్పు మెదిపాక ఆ వేడి పప్పులోనే పచ్చి ఆకు వేసి, మూత లేకుండా ఐదు నిమిషాలు ఉడకనిచ్చి పైన తాలింపు పెట్టేయండి. రంగు నిలబడుతుంది, రుచి మధ్యరకం. అమెరికాలో ప్యాకెట్లలో దొరికే లేత పాలకూరకి ఇదే సరైన పద్ధతి. కుక్కర్లో పెడితే దాని జాడే మిగలదు.

పాలక్ పనీర్‌కి చేసినట్టు ఆకును మరిగే నీళ్లలో ముంచి తీసి, చన్నీళ్లలో వేయడం పప్పుకి అనవసరం. వంపేసిన నీళ్లతో ఫోలేట్, విటమిన్ సి కొంత పోతాయి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లున్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకి ఆ నీళ్లు వంపేయడమే మేలు, ఆక్సలేట్ కొంత తగ్గుతుంది. అసలు పాలకూర ఎంత తినొచ్చో మాత్రం డాక్టర్‌నే అడగాలి.

చింతపండు బదులు నిమ్మకాయ పిండేవాళ్లు పొయ్యి ఆపాకే పిండాలి. ఆకు రంగు పోదు, పాలకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికీ ఆ విటమిన్ సి పనికొస్తుంది. పప్పు రాత్రికి కూడా ఉంచేటట్టయితే నాకు చింతపండే ఇష్టం. నిమ్మరసం పిండిన పప్పు మళ్లీ వేడిచేస్తే చేదు తగులుతుంది.