ఎఫ్‌టీఐఆరా, రామనా? ఒక్కటే కొనగలిగితే ఏది మేలు

మా డిపార్ట్‌మెంట్‌లో ఈ ప్రశ్న చాలా రోజులుగా నలుగుతోంది. రెండూ అణువుల కంపనాలను చూసి పదార్థాన్ని గుర్తుపట్టే పరికరాలే: ఎఫ్‌టీఐఆర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని అది ఎంత పీల్చుకుందో చూస్తుంది, రామన్ దాని మీద పడి చెదిరిన లేజర్ కాంతి ఎలా మారిందో చూస్తుంది. వచ్చిన డబ్బు ఒక్క పరికరానికే సరిపోతుంది. దాంతోనే ఎమ్మెస్సీ పిల్లల ప్రాక్టికల్స్ నడవాలి, స్కాలర్ల పనీ సాగాలి.

విశాఖలో ఉన్నవాళ్ల మనసు రామన్ వైపే లాగుతుంది. సి.వి. రామన్ చిన్నతనం గడిచింది ఈ ఊళ్లోనే. ఆయన తండ్రి ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఆ విద్యను ఇక్కడ నాటారు. ఆ పేరున్న పరికరం మన ల్యాబ్‌లో ఉండాలన్న కోరిక నాకూ ఉంది. కానీ రోజూ ఆ ల్యాబ్ తలుపు తీసేవాడిగా నా ఓటు ఎఫ్‌టీఐఆర్‌కే, అదీ ఏటీఆర్ (పొడిని నేరుగా వజ్రం మీద నొక్కి చూసే అమరిక) ఉన్నదానికి.

ముందు మన గాలి సంగతి. ఎఫ్‌టీఐఆర్‌లో పాత పద్ధతి సాంపిల్‌ని పొటాషియం బ్రోమైడ్ (కేబీఆర్)తో కలిపి బిళ్ళ చేయడం. ఆ ఉప్పు తేమను ఇట్టే పీల్చుకుంటుంది. ఒక మిల్లీగ్రాము సాంపిల్‌ని నూరు మిల్లీగ్రాముల కేబీఆర్‌తో అగేట్ కల్వంలో నూరి, ప్రెస్‌లో బిళ్ళ నొక్కి, అద్దంలా వచ్చిందని మురిసేలోపు ఆగస్టు గాలికి అది తెల్లబడిపోతుంది. స్పెక్ట్రంలో (ఏ కంపనం ఎక్కడ పడిందో చూపే గీతలో; అంకెలు సెంటీమీటరుకి ఎన్ని తరంగాలన్న లెక్క) 3,400 దగ్గర పెద్ద గుట్ట, 1,640 దగ్గర చిన్నది. రెండూ నీళ్లవే. ఒకమ్మాయి ఓహెచ్ లేని బెంజోఫినోన్ చేసి, రికార్డులో ‘ఓహెచ్ గ్రూపు ఉంది’ అని రాసింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, బిళ్ళది. అదే ఏటీఆర్‌లో అయితే వజ్రం మీద చిటికెడు పొడి వేసి బిగిస్తే చాలు, నిమిషంలో పని అయిపోతుంది. ఐసోప్రొపనాల్‌తో తుడిస్తే తర్వాతివాళ్లు సిద్ధం. ముప్పై మంది బ్యాచ్‌లో అందరి చెయ్యీ పడుతుంది. తాము చేసిన ఆస్పిరిన్‌లో 1,750 దగ్గర ఎస్టర్ పీక్ లేచినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

ఇంకొకటి చేయిస్తాను. సాంపిల్ గది మూత తీసి మెల్లగా ఊపిరి వదలమంటాను. 2,350 దగ్గర కార్బన్ డయాక్సైడ్ పీక్ పైకి వస్తుంది. మరి రెండు ఆక్సిజన్లూ ఒకేసారి బయటికి, లోపలికి కదిలే కంపనం ఏదీ అని అడుగుతాను. అది ఇన్‌ఫ్రారెడ్‌కి చిక్కదు, రామన్‌కే చిక్కుతుంది. డైపోల్ మొమెంట్ (అణువులో విద్యుదావేశాల ఎడం) మారాలా, పోలరైజబిలిటీ (ఎలక్ట్రాన్ మేఘం సాగే గుణం) మారాలా అన్న పాఠం అక్కడ నాటుకుంటుంది.

రామన్ గొప్ప చోట రామనే. నీళ్లు అడ్డం రావు, గాజు సీసా మూత తీయక్కర్లేదు. భీమిలి ఇసుకని మైక్రోస్కోపు కింద పెట్టి గింజ గింజకీ లేజర్ వేస్తే రూటైల్ ఖనిజం 447, 612ల దగ్గరా, జిర్కాన్ ఖనిజం 1,008 దగ్గరా తమ పేరు చెబుతాయి. ఏటీఆర్‌కి ఆ గింజ అందదు. ఒడ్డున ఏరిన ప్లాస్టిక్ ముక్క కంటికి కనిపించేదైతే ఏటీఆర్ చాలు, కొన్ని మైక్రాన్లదైతే రామన్ కావాల్సిందే. గ్రాఫీన్, కార్బన్ పదార్థాల మీద పనిచేసే డిపార్ట్‌మెంటైనా, జియాలజీ వాళ్లైనా నా మాట పక్కనపెట్టి రామనే కొనండి.

కానీ మా స్కాలర్లలో ఎక్కువమంది ఆకు రసాలతో నానోపార్టికల్స్ చేస్తారు. రామన్ కాంతి కోటి ఫోటాన్లలో ఒకటి అటూఇటూగా వచ్చేది. 532 నానోమీటర్ల లేజర్ పడగానే ఆకురసం ఫ్లోరెసెన్స్ (అది సొంతంగా వెలువరించే వెలుగు) దాన్ని ముంచేస్తుంది. 785కి మారితే కొంత తగ్గుతుంది, సిగ్నలూ తగ్గుతుంది. నల్లటి ఇల్మనైట్ లాంటి ఖనిజమైతే పవర్ తగ్గించకపోతే వేడెక్కి మారిపోతుంది. పైగా లేజర్ దగ్గర పిల్లల్ని వదలలేం. కళ్లద్దాలు పెట్టించి, ఒక్కొక్కరినే పిలిచి, పక్కన నిలబడాలి. ముప్పై మందికి అలా ఎన్ని వారాలు పడుతుందో లెక్క వేసుకోండి. ఖరీదులో తేడా ఎటూ ఉంది.

ఏటీఆర్ కొంటే తేమ బెడద పోయిందనుకోవద్దు. పరికరం లోపలి బీమ్ స్ప్లిటర్ (కాంతిని రెండుగా చీల్చే పలక) చాలావాటిలో కేబీఆర్‌దే. నేను మునుపు పనిచేసిన ఒకచోట వేసవి సెలవులకు మెయిన్ కట్టేసి వెళ్లారు. లోపల తేమ పీల్చే సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగినా చూసినవాళ్లు లేరు. జూన్‌లో ఆన్ చేస్తే సిగ్నల్ సగానికి పడిపోయింది, బీమ్ స్ప్లిటర్ మసకబారింది. విడిభాగం కోసం ఆ పరికరం ఏడాది గుడ్డ కప్పుకుని కూర్చుంది. జింక్ సెలెనైడ్ స్ప్లిటర్ తేమకి తట్టుకుంటుంది గానీ 500 కిందకి పెద్దగా చూడదు. లోహం-ఆక్సిజన్ పీకులు చాలావాటికి ఆ కిందే ఉంటాయి కాబట్టి మాకు అది కుదరదు.

అందుకే ఇండెంట్‌లో (కొనుగోలు పత్రంలో) ఏటీఆర్‌తో ఎఫ్‌టీఐఆర్, పాత కేబీఆర్ ప్రెస్‌కి కొత్త డై సెట్, యూపీఎస్, రెండేళ్లకు సరిపడా డెసికెంట్ (తేమ పీల్చే సిలికా జెల్ లాంటిది) రాయించాను. రామన్ కావాల్సిన సాంపిళ్లని నెలకోసారి మూటగట్టి సెంట్రల్ ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబ్‌కి పంపుతాం. లోపల వెచ్చగా, పొడిగా ఉండేందుకు సెలవుల్లో పరికరం ఆన్‌లోనే ఉండాలనీ, సోమవారం సోమవారం సిలికా జెల్ రంగు చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలనీ తలుపు మీద కాగితం అంటించాం. మొదటి సంతకం నాదే.