కేజీఎఫ్‌కి ఏది మేలు: పాత గనులా, సైనైడ్ దిబ్బలా, ఫ్యాక్టరీలా?

బంగారం ధర పెరిగినప్పుడల్లా కుప్పం, గుడుపల్లె వైపు నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "కేజీఎఫ్ మళ్లీ తెరుస్తారంట గదా, మనోళ్లకి పనులు దొరుకుతాయా?" కేజీఎఫ్ అంటే కర్ణాటకలోని కోలారు బంగారు గనులు. పది గ్రాములు లక్ష దాటాక ఇది మరీ ఎక్కువైంది. గని మూతపడిన 2001లో అదే పది గ్రాములు ఐదు వేల లోపే ఉండేవి. ఇప్పుడు తెరిస్తే లాభమే కదా అనుకోవడం సహజం. అయితే జనం ఒకటే అనుకుంటున్నవి నిజానికి వేర్వేరు పనులు. పాత గనుల్లోకి మళ్లీ దిగడం ఒకటి, పైనున్న సైనైడ్ దిబ్బల్ని, అంటే బంగారం తీసేశాక మిగిలిన ఇసుక గుట్టల్ని, మళ్లీ కడగడం ఇంకొకటి, బంగారం మాట వదిలేసి ఆ భూముల్లో పరిశ్రమలు పెట్టడం మూడోది.

ముందు గనుల సంగతి. 1880 నుంచి 120 ఏళ్లలో అక్కడ సుమారు 800 టన్నుల బంగారం తీశారు. మన సవర లెక్కలో (సవర అంటే 8 గ్రాములు) చెప్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. తొలిరోజుల్లో టన్ను రాయి కొడితే 45 గ్రాముల దాకా, అంటే ఐదు సవరలకు పైనే వచ్చేది. చివరికొచ్చేసరికి టన్నుకు మూడు గ్రాములే. మూడు టన్నులు కొడితే గాని ఒక సవర రాదు. ఆ మూడు టన్నులు కూడా ఎంత లోతు నుంచి? ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి కిందికి పోయింది. ఆ లోతులో రాయి వేడి 60 డిగ్రీల పైమాటే. చల్లగాలి కిందికి పంపడానికి ఒక ఖర్చు, రాయి పైకి లాగడానికి ఇంకో ఖర్చు, ఊరే నీటిని తోడిపోయడానికి మరో ఖర్చు. మూతపడ్డాక పంపులు ఆగాయి, గనులు నీళ్లతో నిండిపోయాయి. ఇప్పుడు అక్కడికి మళ్లీ దిగాలంటే గ్రాము బంగారం చూడకముందే ఏళ్లతరబడి నీళ్లు తోడాలి.

ఇది డబ్బు సంగతి. మనుషుల సంగతి నాకు ఇంకా ముఖ్యం. అంత లోతులో చుట్టూ ఉన్న రాయి బరువుకి గోడలు ఉన్నట్టుండి పేలతాయి. రాక్ బర్స్ట్ అన్న మాట తెలియని ఇల్లు కేజీఎఫ్ మైనింగ్ కాలనీల్లో ఉండదు. మా బంధువుల్లో ఒక పెద్దాయన ఇరవై ఏళ్లు కేజ్‌లో, అంటే గని లిఫ్టులో, కిందికి దిగొచ్చిన మనిషి. మెట్లు నాలుగు ఎక్కి ఐదో మెట్టు మీద ఆగిపోతాడు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము. "మామా, మళ్లీ తెరిస్తే మీ మనవణ్ణి పంపిస్తావా?" అని అడిగితే ఆయన ఇచ్చిన జవాబు, "పైన పనైతే పంపిస్తా, కిందికి వద్దురా." నా అభిప్రాయం కూడా అదే. ఛాంపియన్ రీఫ్ లోతులకి మళ్లీ మనుషుల్ని దించే ఆలోచన వదిలెయ్యాలి.

ఇక్కడ కుప్పం దగ్గరి చిగరగుంట గనిని కలపకండి. చాలామంది కలిపేస్తున్నారు. బంగారం ఉన్న కోలారు రాతి పట్టీ దక్షిణంగా సాగి కుప్పం దాకా వస్తుంది. చిగరగుంట గని దాని మీదే ఉంది. కేజీఎఫ్ నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే దీన్నీ నడిపింది, అనంతపురం వైపు రామగిరినీ నడిపింది. అన్నీ 2001లోనే ఆగాయి. చిగరగుంట–బిసానత్తం బ్లాకుని వేలంలో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీ దక్కించుకుంది. అక్కడ టన్నుకు 5 గ్రాముల పైన ఉందని అంచనా. రెండు టన్నులకు ఒక సవర అన్నమాట. పైగా కేజీఎఫ్ లోతుల్లో చిన్న వంతు కూడా అక్కడ తవ్వలేదు. రాయచూరు జిల్లాలో హట్టి గని ఇప్పటికీ నడుస్తోందంటే ఇలాంటి లెక్క కుదరబట్టే. కాబట్టి చిగరగుంట తెరవడానికి నేను అనుకూలం. కేజీఎఫ్ లోతు గనులకు కాదు.

ఇక దిబ్బలు. నా దృష్టిలో అసలు తేలాల్సింది ఇక్కడే.

కేజీఎఫ్ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊరి మధ్యలో, ఇళ్లను ఆనుకొని, బూడిద తెలుపు రంగులో బల్లపరుపు గుట్టలు. వానలకు పక్కలన్నీ కోసుకుపోయి లోతైన గండ్లు పడ్డాయి. రాయిని పిండిలా నూరి, సైనైడ్ నీళ్లతో బంగారం తీసుకున్నాక మిగిలిన ఇసుక అది. సుమారు 3.3 కోట్ల టన్నులు. ఎండాకాలం గాలి తిరిగిందంటే తీగ మీద ఆరేసిన తడిబట్టలు సాయంత్రానికి గరుకుగా అయిపోతాయి. కిటికీ మూసినా గడప మీద తెల్లటి పొర. సైనైడ్ పేరు విని జనం భయపడతారు గానీ అది ఎండకూ గాలికీ చాలావరకు విరిగిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత ఎక్కువ టెన్షన్ పడాల్సింది ఆ సన్నటి రాతిదుమ్ముకి, వాననీటితో చెరువుల్లోకి దిగే లవణాలకి. గనిలో దిగిన తాత పీల్చిన దుమ్మే గని ముఖం చూడని మనవడూ పీలుస్తున్నాడు.

ఈ దిబ్బల్లో టన్నుకు గ్రాము బంగారం కూడా లేదు. పది టన్నులు కడిగినా ఒక సవర రాదు. అయినా ఇప్పటి ధరకి గిట్టుబాటు కావచ్చు. ఎందుకంటే రాయిని తవ్వడం, పైకి లాగడం, నూరడం చాలావరకు మన తాతలే చేసిపెట్టారు. ఎత్తి ఇంకాస్త సన్నగా నూరి మళ్లీ సైనైడ్ నీళ్లలో నానబెడితే బంగారం అందులో కరుగుతుంది, దాన్ని ఆ నీళ్లలో కలిపే బొగ్గు పట్టుకుంటుంది. వెయ్యి ఎకరాలకు పైగా ఉన్న 13 దిబ్బల మీద ఈ పనికి కర్ణాటక ప్రభుత్వం 2024లో ఒప్పుకుంది. పనులు వందల్లో వస్తాయేమో గానీ వేలల్లో రావు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఊరించినట్టు అవుతుంది.

అయినా నా ఓటు దీనికే, ఒక షరతు మీద. టన్ను ఇసుకలోంచి గ్రాము తీసేస్తే మిగిలేది మళ్లీ టన్ను ఇసుకే. పైగా ఇంకా సన్నగా నూరినది, తాజాగా సైనైడ్ తగిలినది. దాన్ని ఎక్కడ పోస్తారు? పాత చోటే పోస్తే కంపెనీకి బంగారం, ఊరికి మునుపటికన్నా మెత్తటి దుమ్ము. అలా కాకుండా ఇళ్లకు దూరంగా, అడుగున నీరు ఇంకని పొర పరిచి, పైన మట్టి కప్పి చెట్లు పెంచితే ఊరికి నూరేళ్ల పీడ వదులుతుంది, దిబ్బల కింది భూమీ తిరిగొస్తుంది. ఖాళీ అయిన గని గదుల్ని ఇసుకతో నింపడం మైనింగ్‌లో పాత పద్ధతే, వీలైన చోట అదీ చెయ్యాలి. గని మూసేటప్పుడు చక్కదిద్దడానికి ముందే ఆర్థిక హామీ చూపాలన్న నిబంధనలు మన దేశంలో 2003లో వచ్చాయి. అప్పటికి కేజీఎఫ్ మూతపడి రెండేళ్లు. మొదటిసారి ఆ రక్షణ లేకపోయింది. ఈసారి ఉంది, వాడుకోవాలి.

ఫ్యాక్టరీల వాదన బలమైనదే, కాదనను. గనులు మంచి ఊపులో ఉన్న రోజుల్లో ముప్పై వేలమందికి పైగా పనిచేశారు, మూసేనాటికి మూడు వేల పైచిలుకు మిగిలారు. ఆ ఇళ్ల పిల్లలే ఇప్పుడు తెల్లారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొస్తున్నారు. ఊళ్లోనే పని దొరికితే రోజుకి నాలుగైదు గంటల బతుకు వాళ్లకి మిగులుతుంది. ఉద్యోగాల సంఖ్యలో దిబ్బలు దీనికి సాటిరావు. చిక్కు నీళ్లతో. కోలారు జిల్లా చెరువుల్ని 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి నింపుతున్నారంటే ఎద్దడి ఎంతుందో ఊహించుకోండి. నీళ్లు ఎక్కువ తాగని పరిశ్రమలైతే రావాలి, తప్పకుండా. కానీ దిబ్బలు అలాగే ఉంచి వాటి పక్కన షెడ్లు వేస్తే ఆ దుమ్ములో పనిచేసేదీ మనవాళ్లే. అందుకే దీన్ని రెండో అడుగుగా పెడతాను.

టూరిజం అంటారు కొందరు. గనిలోకి దిగే పాత షాఫ్టులు, బంగళాలు కాపాడుకోవాల్సినవే. దానితో పది హోటళ్లు నడుస్తాయి, ఊరు నడవదు.

దిబ్బల పని మొదలయ్యేలోపు పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, అక్కడికి వెళ్లేవాళ్లు ఉద్యోగాలెన్ని అన్న ప్రశ్న కన్నా ముందు మూడు అడగండి. కడిగిన ఇసుక ఏ సర్వే నంబరులో పోస్తారు? అడుగున ఏం పరుస్తారు? దాన్ని కప్పి చెట్లు నాటడానికి డబ్బు మొదటి రోజే ఎంత డిపాజిట్ చేస్తారు? జవాబులు నోటిమాటగా కాదు, మినిట్స్‌లో రాయించండి.