పక్షవాతం వస్తే: సూదిమందా, గడ్డను బయటికి లాగే చికిత్సా?

చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిన మనిషికి అది చాలా దూరం. అందుకే ఈ రెండు చికిత్సల తేడా ముందే తెలిసుండాలి.

మొదటిది మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే సూదిమందు. 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన, లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు ఇస్తే మేలని చూపింది, 2008లో యూరప్ పరిశోధన ఆ గడువును 4.5 గంటలకు పెంచింది. సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే ఇస్తారు. నాటుమందు, నూనె మర్దన అంటూ ఇంట్లో గడిపే ప్రతి గంటా ఈ అవకాశాన్నే తినేస్తుంది. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, మనిషి బాగున్నట్టు చివరగా చూసిన సమయం నుంచే లెక్క.

రెండోది, తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను లాగేయడం. మెదడులో పెద్ద నాళం మూసుకుపోయినవాళ్లకే. 2018 పరిశోధనల తర్వాత కొందరికి 24 గంటల వరకు చేస్తున్నారు. క్యాథ్‌ల్యాబ్ (ఎక్స్‌రేలో చూస్తూ రక్తనాళాల్లోకి గొట్టం పంపే గది) కావాలి, ఖర్చూ ఎక్కువే.

నన్నడిగితే ముందు సూదిమందు సంగతే చూడమంటాను. దగ్గర్లో అది ఇచ్చే ఆసుపత్రి ఉంటే అక్కడ మొదలుపెట్టి, అవసరమైతే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లొచ్చు. ఒకటి ఇచ్చారని రెండోది ఆగదు. 108కి ఫోన్ చేసినప్పుడే లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయో చెప్పండి.