అన్నీ తానే చేసే అధ్యక్షుడా, పని పంచే అధ్యక్షురాలా: ఏది మేలు?

మా అపార్టుమెంటు హైదరాబాదు కుత్బుల్లాపూర్‌లో. ముప్ఫై ఆరు ఫ్లాట్లు, ఒక సంపు, రెండు బోర్లు, ఎండాకాలం వస్తే ఒకటే పనిచేస్తుంది. ఇప్పటిదాకా అధ్యక్షులు ఇద్దరే. మొదట రిటైరైన ఇంజినీరు, అందరికీ అంకుల్. తర్వాత బ్యాంకులో పనిచేసే మేడం. మళ్ళీ ఎన్నిక దగ్గరపడింది. లిఫ్టెక్కితే చాలు, "అంకుల్ ఉన్నప్పుడే బాగుండె" అంటున్నారు. నా ఓటు అటు కాదు.

అంకుల్ కష్టాన్ని తక్కువ చేయను. నల్లా వదిలే రోజు తెల్లారి ఐదింటికే సంపు మూత ఎత్తి, కర్ర ముంచి కొలిచేవారు. ట్యాంకరు వస్తే అరవై ఐదేళ్ళ మనిషి నిచ్చెనెక్కి, నిండుగా ఉందో లేదో చూశాకే పైపు వేయనిచ్చేవారు. మెయింటెనెన్స్ కట్టనివాళ్ళ తలుపు తట్టేదీ ఆయనే, లిఫ్టు మెకానిక్‌తో గొడవపడేదీ ఆయనే. మేం హాయిగా నిద్రపోయేవాళ్ళం.

ఒక ఏప్రిల్‌లో కూతురి పురిటికి ఆయన డల్లాస్ వెళ్ళారు. పదో రోజు బి-బ్లాకుకి నీళ్ళు ఎక్కలేదు. మోటరు తిరుగుతోంది. పంపు గదిలో ఐదు వాల్వులు, దేనిమీదా గుర్తు లేదు. వాచ్‌మన్‌ని అడిగితే, "నాకేమెరుక సార్, అంకుల్ ఒక్కడే తిప్పుతుండె" అన్నాడు. చివరికి అక్కడ అర్ధరాత్రి ఆయన్ని లేపి వీడియో కాల్ చేస్తే, "ఎర్రది కాదు నాయనా, దాని పక్కది, సగమే తిప్పు" అని చెప్పారు. ఆయన లేకపోతే బిల్డింగే నడవదని అందరూ మెచ్చుకున్నారు. అది మెచ్చుకోలెలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మేడం వచ్చాక మొదట చేసిన పని ఆ వాల్వులకు రేకుముక్కలు కట్టించి అంకెలు వేయించడం. వాచ్‌మన్ గదిలో మేకుకు ఒక నోటుబుక్కు వేలాడదీశారు: ట్యాంకరు ఎప్పుడొచ్చింది, ఎవరు చూశారు, సంతకం. ట్యాంకరు దగ్గర నిలబడే వంతు ఫ్లోర్లవారీగా పంచారు. మొదటి నెల ఘోరం. మా మూడో ఫ్లోరు వంతు రోజు ఒక్కరం కూడా దిగలేదు. ట్యాంకరువాడు సగం పోసి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి నీళ్ళు నిల్. చేతకాక మనమీదకు తోస్తోందని ఆమెనే తిట్టుకున్నాం. ఆమె కిందికి దిగి ట్యాంకరువాడితో మాట్లాడలేదు, పుస్తకంలో ఆ గడి ఖాళీగా వదిలేశారంతే. మూడో వారానికి నేనే లుంగీలో నిచ్చెనెక్కాను.

ఒక్కచోట మాత్రం అంకుల్‌కే మార్కులు. 2020 అక్టోబరు 13 రాత్రి, నగరమంతా మునిగిన ఆ వానకి మా సెల్లార్లోకి నీళ్ళొచ్చాయి. కరెంటు తీసేయాలా వద్దా అని మేడం గ్రూపులో అడిగారు. జవాబులు వచ్చేలోపే అంకుల్ దిగి మెయిన్ ఆపేసి, పేరుపేరునా అరిచి కార్లు బయటికి తీయించారు. ఆ గంటలో కావలసింది అలాంటి గొంతే. సరే, అది ఒక్క రాత్రి. సంపు రోజూ నిండాలి.

వరద మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన 1909లో వచ్చి, ఎగువన జలాశయాలు కట్టాలని ప్రణాళిక ఇచ్చి, ఆ ఏడాదే మైసూరు వెళ్ళిపోయారు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన గట్టుమీద కూర్చోలేదు, అయినా కట్టలు లేచాయి. కాగితం మీద పెట్టిన పని ఇంకొకరు అందుకోగలరు, బుర్రలో పెట్టుకున్నది డల్లాస్ వెళ్ళిపోతుంది.

మొన్న మే నెలలో, నీళ్ళకు కటకటగా ఉన్నప్పుడే, మేడం వారం రోజులు తిరుపతి, అరుణాచలం తిరిగొచ్చారు. ఊళ్ళో లేరన్న సంగతి లడ్డూ చేతిలో పెట్టినప్పుడు గానీ నాకు తెలియలేదు.