కారులో గాలి ఈల: కాగితంతో పట్టాలా, టేపుతోనా?

స్పీడు 80 దాటగానే డోరు దగ్గర ఈల మొదలైందని డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మొత్తం మార్పించేయకండి. ముందు గాలి ఎక్కడ దూరుతోందో పట్టుకోవాలి.

కాగితం పరీక్ష ఇంటి ముందే అయిపోతుంది. డోరుకూ రబ్బరుకూ మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి డోరు వేసి లాగండి. బిగుతుగా వస్తే రబ్బరు బాగా నొక్కుతున్నట్టు. ఊరికే జారి వచ్చేస్తే అక్కడ వదులుగా ఉంది. కానీ సైడ్ మిర్రర్ అడుగు, విండ్‌షీల్డ్ అంచు దీనికి అందవు.

అందుకే ఈల విషయంలో నా ఓటు పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపుకే. అనుమానమున్న సందులన్నీ బయటి నుంచి టేపుతో మూసి, ఏసీ ఫ్యాన్ ఆపి, అదే రోడ్డులో అదే స్పీడులో వెళ్లండి. శబ్దం తగ్గిందా? ఇక పక్కకు ఆపి ఒక్కో పట్టీ తీస్తూ మళ్లీ నడపండి. ఏది తీశాక ఈల తిరిగొస్తే అదే చోటు. ఓపిక కావాలి, పక్క సీట్లో వినే మనిషి ఉంటే మరీ మంచిది. పని కాగానే టేపు తీసేయండి, ఎండకు జిగురు పెయింటుకు పట్టేస్తుంది.

ఈల డోరు దగ్గరే అని తేలితే మళ్లీ కాగితం తీయండి. రబ్బరు బాగుండీ డోరు వెనక అంచు వదులుగా ఉంటే, స్ట్రైకర్ (డోరు లాక్ వెళ్లి పట్టుకునే, కారు ఫ్రేముకున్న కొక్కెం) పాత స్థానం చుట్టూ పెన్నుతో గీత గీసి, లోపలికి రవ్వంత జరిపితే చాలు. రబ్బరు చదునైపోయినా, చిరిగినా మాత్రం కొత్తది వేయించాల్సిందే.